తెరిచిన విండో ఎందుకు దొరకదు: వరుస, చోటు, పేరు

ఉత్తరం రాస్తూ ఉంటాం. మధ్యలో ఒక అంకె వేయాల్సి వస్తుంది. ఆ అంకె ఇందాక తెరిచిన లెక్కల షీట్‌లో ఉంది. ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే మెయిల్ వస్తుంది. వదిలేసి మళ్ళీ నొక్కితే తిరిగి ఉత్తరమే వస్తుంది. ఇలా కాదని స్టార్ట్ మెనూలో షీట్ యాప్ పేరు టైప్ చేసి ఎంటర్ కొడితే, ఆ యాప్ మరో కొత్త విండో తెరుస్తుంది. కావాల్సింది దొరకలేదు సరికదా, వెతకాల్సిన గుంపులోకి ఇంకొకటి వచ్చి చేరింది.

చాలామంది దీన్ని తమ మతిమరుపు కింద జమ వేసుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కీలు ఏ లెక్కన పనిచేస్తున్నాయో ఒకసారి కూర్చుని చూశాక అభిప్రాయం మారింది. తెరిచి ఉన్న విండోను కంప్యూటర్‌లో మూడు రకాలుగా వెతకొచ్చు: ఎప్పుడు వాడామన్న వరుసను బట్టి, తెర మీద ఎక్కడుందన్న చోటును బట్టి, దాని పేరును బట్టి. ఒక్కో పద్ధతి మనకు ఒక్కో సంగతి గుర్తుంటుందని నమ్ముకుని పనిచేస్తుంది. మనకు గుర్తున్నది పేరైతే, మనం నొక్కిన కీ వరుసను అడుగుతోందన్నమాట. తికమకంతా అక్కడే.

యాప్, విండో, ట్యాబ్: మూడూ ఒకటి కావు

మాటల్లో ఈ మూడింటినీ కలిపేస్తాం కానీ, కంప్యూటర్ మాత్రం కలపదు. యాప్ అంటే ప్రోగ్రామ్. విండో అంటే ఆ ప్రోగ్రామ్ తెర మీద తెరుచుకున్న ఒక చట్రం, దానికి పైన సాధారణంగా ఒక టైటిల్ ఉంటుంది. ట్యాబ్ అంటే ఒకే విండో లోపల ఒకదాని వెనక ఒకటి దాగి ఉండే పేజీ. వీటికి తోడు ఇంకో మాట తెలియాలి: ఫోకస్. మనం టైప్ చేసే అక్షరాలు ఈ క్షణాన ఏ విండోలోకి వెళ్తున్నాయో, ఫోకస్ దానికి ఉందని అర్థం. విండో మార్చడమంటే ఫోకస్‌ను ఒకదాని నుంచి ఇంకోదానికి ఇవ్వడమే.

ఒక లెక్క వేసి చూద్దాం. బ్రౌజర్‌లో రెండు విండోలు ఉన్నాయి, ఒకదాంట్లో 11 ట్యాబ్‌లు, ఇంకోదాంట్లో 6. వర్డ్ ప్రాసెసర్‌లో మూడు పత్రాలు, మూడూ వేర్వేరు విండోల్లో ఉన్నాయి. మెయిల్‌కు ఒక విండో. యాప్‌లు లెక్కపెడితే 3. విండోలు లెక్కపెడితే 6. మనం నిజంగా వెతికే వస్తువులు, అంటే పేజీలూ పత్రాలూ మెయిలూ కలిపి 21.

మ్యాక్‌లో కమాండ్+ట్యాబ్ నొక్కితే వీటికి కనబడే ఐకాన్లు 3. విండోస్‌లో ఆల్ట్+ట్యాబ్ నొక్కితే మామూలుగా కనబడేవి 6. మిగతా 15 ఈ రెంటిలో దేనికీ కనబడవు. ట్యాబ్‌లు బ్రౌజర్ సొంత వ్యవహారం. బ్రౌజర్ తనంతట తాను చెబితే తప్ప ఆపరేటింగ్ సిస్టమ్‌కు వాటి సంగతి తెలియదు.

ఆల్ట్+ట్యాబ్‌కు గుర్తుండేది వరుస ఒక్కటే

ఈ కీల జోడీ విండోస్ తొలి రోజుల నుంచీ ఉంది. 1995లో విండోస్ 95తో ఐకాన్లు వరుసగా పేర్చిన పెట్టె వచ్చింది, విస్టా నాటికి ఐకాన్ల స్థానంలో విండోల చిన్న బొమ్మలు వచ్చాయి. చూపించే తీరు ఇంతగా మారినా లోపలి సూత్రం అలాగే ఉంది: చివరిగా వాడినది ముందు, దానికి ముందు వాడినది దాని తర్వాత.

నాలుగు విండోలతో చూద్దాం. ఇప్పుడు ఉత్తరంలో ఉన్నాం. వరుస ఇలా ఉంది: ఉత్తరం, షీట్, మెయిల్, బ్రౌజర్.

ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ ఒకసారి నొక్కి వదిలితే రెండోదైన షీట్ ముందుకొస్తుంది. వరుస షీట్, ఉత్తరం, మెయిల్, బ్రౌజర్ అవుతుంది. మళ్ళీ అలాగే ఒకసారి నొక్కి వదిలితే ఉత్తరానికి వస్తాం. ఇలా ఎన్నిసార్లు చేసినా ఈ రెండిటి మధ్యే తిరుగుతాం. మెయిల్ ఎప్పటికీ రాదు. "ఎన్నిసార్లు నొక్కినా అక్కడే తిరుగుతోంది" అని చాలామంది చెప్పే ఇబ్బంది ఇదే. కీ పాడవలేదు. ప్రతిసారీ ఆల్ట్ వదిలేస్తున్నాం కాబట్టి ప్రతిసారీ వరుస కొత్తగా పడుతోంది. ఆల్ట్ పట్టుకుని ఉన్నంతసేపూ వరుస కదలదు, వదిలిన క్షణంలోనే మారుతుంది.

ఇప్పుడు ఉత్తరంలో ఉండగా ఆల్ట్ వదలకుండా ట్యాబ్ రెండుసార్లు నొక్కి వదులుదాం. మూడోదైన మెయిల్ ముందుకొస్తుంది. వరుస: మెయిల్, ఉత్తరం, షీట్, బ్రౌజర్. మళ్ళీ రెండుసార్లు: షీట్, మెయిల్, ఉత్తరం, బ్రౌజర్. ఇంకోసారి రెండుసార్లు: ఉత్తరం, షీట్, మెయిల్, బ్రౌజర్. మొదలుపెట్టిన చోటికే వచ్చాం. అంటే మూడు విండోల మధ్య పని నడుస్తున్నప్పుడు, ప్రతిసారీ ట్యాబ్ రెండుసార్లు నొక్కితే చాలు, మూడూ వంతులవారీగా వస్తూ ఉంటాయి. నాలుగైతే మూడుసార్లు. ఈ చిన్న లెక్క తెలిసిన రోజున నాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు. అప్పటిదాకా ఆ వరుస ఇష్టం వచ్చినట్టు మారుతోందనే అనుకునేదాన్ని.

ఈ పద్ధతి ఎందుకు ఇంతకాలం నిలిచిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒక చోట చదివి ఇంకో చోట రాయడం, ఇక్కడ కాపీ చేసి అక్కడ పేస్ట్ చేయడం లాంటి పనుల్లో మనం వెళ్ళాల్సింది ఇందాక వదిలి వచ్చిన విండోకే. దానికి ఒక్క నొక్కు చాలు, తెర వైపు చూడక్కర్లేదు, వేళ్ళకే అలవాటైపోతుంది. అదే 20 విండోలు ఉండి, పొద్దున తెరిచినది కావాలంటే మాత్రం వరుస ఏ సాయమూ చేయలేదు. పద్నాలుగోదో పదిహేనోదో ఎవరికి గుర్తుంటుంది? అప్పుడు ఆ బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలున్న ఆరు పత్రాలు చిన్న బొమ్మల్లో ఆరూ ఒకేలా ఉంటాయి.

మనం అడగకుండానే ఒక విండో ముందుకు దూకితే ఈ వరుస చెదిరిపోతుంది. అప్‌డేట్ చేయమంటూ ఒక పెట్టె తనంతట తాను ఎదురుగా వచ్చి నిలబడితే, వరుసలో మొదటి చోటు దానిదవుతుంది. మనం టైప్ చేస్తున్న వాక్యంలో సగం దాంట్లోకి పోతుంది. అందుకే విండోస్ చాలాకాలంగా దీనికి హద్దులు పెట్టింది: మనం వేరే పనిలో ఉండగా ఒక ప్రోగ్రామ్ ముందుకు రావాలని చూస్తే, సాధారణంగా దాన్ని రానివ్వకుండా టాస్క్‌బార్‌లో దాని బటన్ మాత్రం మెరిసేలా చేస్తుంది.

ట్యాబ్‌ల మధ్య తిరిగే కంట్రోల్+ట్యాబ్ దగ్గర ఇంకో చిక్కు. క్రోమ్‌లో అది ఎడమ నుంచి కుడికి, తెర మీద కనబడే వరుసలో వెళ్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్‌ను బట్టి, ఇటీవల వాడిన వరుసలోనూ వెళ్ళగలదు. వేళ్ళు చేసే పని ఒకటే అయినా నియమాలు రెండు.

యాప్‌లను మార్చాలా, విండోలను మార్చాలా?

విండోస్ నుంచి మ్యాక్‌కు మారినవాళ్ళకు మొదటి వారంలోనే ఎదురయ్యే తేడా ఇది. మ్యాక్‌లో కమాండ్+ట్యాబ్ మార్చేది యాప్‌లను. ఒక యాప్‌ను ఎంచుకుంటే దాని విండోలన్నీ కలిసి ముందుకొస్తాయి. అదే యాప్‌లో ఒక విండో నుంచి ఇంకోదానికి వెళ్ళడానికి వేరే జోడీ ఉంది: కమాండ్, దాంతోపాటు అమెరికన్ అమరిక కీబోర్డులో ట్యాబ్‌కు సరిగ్గా పైనుండే కీ. లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ కూడా 2011లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి ఇదే దారి పట్టింది. ఆల్ట్+ట్యాబ్ యాప్‌లకు, ఆల్ట్‌తో ట్యాబ్ పైనుండే ఆ కీ విండోలకు.

మ్యాక్‌లో ఇంకో సంగతి చాలామందిని కంగారు పెడుతుంది. మినిమైజ్ చేసిన విండో ఉన్న యాప్‌కు కమాండ్+ట్యాబ్‌తో వెళ్తే, పైన మెనూ మారుతుంది కానీ తెర మీద ఏమీ రాదు. యాప్ అయితే వచ్చింది, విండో మాత్రం కిందే ఉండిపోయింది. కమాండ్ వదిలే ముందు ఆప్షన్ కీ కూడా పట్టుకుంటే అప్పుడు విండో లేచి వస్తుంది.

యాప్‌ల పద్ధతిని సమర్థించేవాళ్ళ వాదన బలమైనదే. జాబితా చిన్నదిగా ఉంటుంది. ఐకాన్లు ఒకదానికొకటి పోలికే లేకుండా ఉంటాయి కాబట్టి కన్ను వెంటనే పట్టుకుంటుంది. "మెయిల్‌కు వెళ్ళాలి" అని అనుకుంటాం తప్ప "మెయిల్ రెండో విండోకు వెళ్ళాలి" అని అనుకోం.

అవతలి వాదన పని స్వభావం నుంచి వస్తుంది. ఒకరు రెండు పనులు చేస్తున్నారనుకుందాం. మొదటి పనికి ఒక ఉత్తరం, ఒక షీట్. రెండో పనికి ఇంకో ఉత్తరం, ఇంకో షీట్. మొదటి ఉత్తరం నుంచి మొదటి షీట్‌కు వెళ్ళాలి. యాప్‌ల పద్ధతిలో ముందు షీట్ యాప్‌కు వెళ్ళాలి, అక్కడ ముందుకొచ్చింది రెండో పని షీట్ అయితే మళ్ళీ విండో మార్చాలి. అడుగులు రెండు, కీల జోడీలు రెండు. విండోల పద్ధతిలో అయితే ఇవి పక్కపక్కనే ఉంటాయి, ఎందుకంటే ఇప్పుడే ఈ రెండిటినీ వాడాం. యాప్‌కు ఒక విండో చొప్పున తెరుచుకునేవాళ్ళకు ఈ చర్చతో పనే లేదు. ఒకే యాప్‌లో నాలుగైదు పత్రాలు పెట్టుకుని పనిచేసేవాళ్ళకు మాత్రం విండోల పద్ధతే నయమని నాకనిపిస్తుంది.

చోటును గుర్తుపెట్టుకునేవాళ్ళు

మనిషికి చోటు బాగా గుర్తుంటుంది. తాళంచెవి ఏ మేకుకు తగిలించామో ఆలోచించకుండానే చెయ్యి అక్కడికి వెళ్తుంది. టాస్క్‌బార్ నడిచేది దీని మీదే. అక్కడ పిన్ చేసిన ఐకాన్ మనం జరిపితే తప్ప జరగదు. విండోస్ కీతో 1 నుంచి 9 వరకు అంకెలు నొక్కితే ఆ వరుసలోని యాప్ వస్తుంది. మూడోది ఇవాళా మూడోదే, రేపూ మూడోదే.

2003లో మ్యాక్ ఓఎస్ టెన్ 10.3తో ఆపిల్ ఎక్స్‌పోజే తెచ్చింది. ఒక కీ నొక్కగానే తెరిచి ఉన్న విండోలన్నీ ఒకదాని మీద ఒకటి పడకుండా చిన్నవై పరుచుకునేవి. కావాల్సిన దాని మీద నొక్కితే అది ముందుకొచ్చేది. ఇప్పటి మిషన్ కంట్రోల్, విండోస్ టాస్క్ వ్యూ ఈ కోవలోవే. ఏడెనిమిది విండోల వరకు ఇది చాలా హాయిగా ఉంటుంది. ముప్పై దాటితే ఒక్కోటీ తపాలా బిళ్ళంత అవుతుంది, మళ్ళీ కళ్ళు చికిలించి చదవాల్సిందే.

అందుకే విండోలను గదులుగా విడదీయాలన్న ఆలోచన వచ్చింది. ఇది కొత్తదేమీ కాదు. జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ఆస్టిన్ హెండర్సన్, స్టూవర్ట్ కార్డ్ 1986లోనే రూమ్స్ అనే ఏర్పాటును వివరించారు. తెర చిన్నది, విండోలు ఎక్కువ, కాబట్టి ఒక్కో పనికి ఒక్కో గది ఇద్దామన్నది వాళ్ళ ఆలోచన. 2007లో మ్యాక్‌కు స్పేసెస్ వచ్చింది, 2015లో విండోస్ 10తో వర్చువల్ డెస్క్‌టాప్‌లు విండోస్‌లో భాగమయ్యాయి. పైన చెప్పిన రెండు పనుల మనిషికి ఇది సరిగ్గా సరిపోతుంది: ఒక్కో ఉత్తరం, ఒక్కో షీట్ ఒక్కో డెస్క్‌టాప్‌లో.

దీంతో వచ్చిన చిక్కు కూడా ఉంది. ఆల్ట్+ట్యాబ్ నొక్కితే ఈ గదిలోవే చూపాలా, అన్ని గదుల్లోవీ చూపాలా? విండోస్ మామూలుగా ఈ డెస్క్‌టాప్‌లోవే చూపుతుంది. మెయిల్‌ను రెండో డెస్క్‌టాప్‌లో వదిలి, ఒకటో దాంట్లో ఎంత వెతికినా కనబడదు. మూసేశామేమో అనుకుని మళ్ళీ తెరుస్తాం. అన్నీ చూపేలా సెట్టింగ్ మార్చుకోవచ్చు కానీ, అప్పుడు గదులుగా విడదీసిన ప్రయోజనం సగం పోతుంది.

పేరుతో వెతికితే: కొత్తది తెరిచే వెతుకులాట, ఉన్నదాన్ని తెచ్చే వెతుకులాట

విండోలు పెరిగేకొద్దీ పేరు టైప్ చేయడమే దగ్గరి దారి అవుతుంది. అయితే తెర మీద కనబడే వెతుకుపెట్టెలన్నీ ఒకే పని చేయవు. మొదట చెప్పిన ఖాళీ షీట్ కథ ఇక్కడిదే. విండోస్ స్టార్ట్ మెనూ వెతికేది యాప్‌లనూ ఫైళ్ళనూ సెట్టింగ్‌లనూ, తెరిచి ఉన్న విండోల టైటిళ్ళను కాదు. అందుకే నోట్‌ప్యాడ్ అని టైప్ చేస్తే, ఇప్పటికే తెరిచి ఉన్న నోట్‌ప్యాడ్‌ను వదిలేసి ఇంకోటి తెరవబోతుంది. మ్యాక్ స్పాట్‌లైట్‌లో యాప్ పేరు కొడితే, నడుస్తున్న యాప్ ముందుకొస్తుంది, కానీ దాని ఐదు విండోల్లో ఏదన్నది అది పట్టించుకోదు.

తెరిచిన విండోలనే వెతికే పరికరాలు వేరే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ విండోస్ కోసం విడిగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని రన్ పెట్టెలో ముందు < గుర్తు వేసి టైప్ చేస్తే విండోల్లోనే వెతుకుతుంది. లినక్స్‌లోని కేడీఈ డెస్క్‌టాప్‌లో కేరన్నర్ అనే వెతుకుపెట్టె తెరిచి ఉన్న విండోల టైటిళ్ళనూ కలిపి చూపుతుంది. లినక్స్‌లో రోఫీ అనే చిన్న ప్రోగ్రామ్‌కు ఇందుకోసం ప్రత్యేకంగా విండో మోడ్ ఉంది.

ఇవన్నీ ఆధారపడేది టైటిల్ మీద. టైటిల్‌లో లేనిది దొరకదు. షీట్ లోపల "అద్దె" అనే గడి ఉందని నాకు గుర్తుంటుంది. ఫైల్ పేరు మాత్రం "కొత్తది2". అద్దె అని ఎంత కొట్టినా రాదు. సేవ్ చేయని పత్రాలకు యాప్ తనే డాక్యుమెంట్1, డాక్యుమెంట్2 అని పేర్లు పెడుతుంది, అవి ఎవరికీ గుర్తుండవు. కొన్ని వెబ్‌సైట్లు ప్రతి పేజీ టైటిల్‌లోనూ ముందు సైటు పేరే పెడతాయి. ఇరుకైన జాబితాలో చివర్లు తెగిపోయి, పది పేజీలూ ఒకే పేరుతో కనబడతాయి. నా మటుకు నేను ఈ బాధ పడలేక, పత్రం తెరవగానే పేరు పెట్టి సేవ్ చేయడం అలవాటు చేసుకున్నాను.

అక్షరాలను ఎలా పోలుస్తారన్నదీ ముఖ్యమే. కొన్ని పరికరాలు టైప్ చేసిన ముక్క టైటిల్‌లో యథాతథంగా ఉండాలంటాయి. కొన్ని మధ్యలో అక్షరాలు వదిలేసినా ఊరుకుంటాయి. టైటిల్ "బడ్జెట్ 2023 తుది ప్రతి" అనుకుంటే, మొదటి రకంలో "2023 తుది" అని కొట్టాలి, రెండో రకంలో "బ23తు" అన్నా చాలు, అక్షరాలు అదే వరుసలో ఉంటే సరి. రెండో రకం వేగంగా ఉంటుంది కానీ, మనకు అక్కర్లేనివి కూడా నాలుగు వెంటబెట్టుకొస్తుంది.

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. టైటిల్ తెలుగులో ఉండి, కీబోర్డు ఇంగ్లీషులో ఉంటే ఏమీ దొరకదు, ఎందుకంటే పరికరం పోల్చేది అక్షరాల సంకేతాలను, ఉచ్చారణను కాదు. "క్రి" అని మనకు ఒకే అక్షరంగా కనబడేది కంప్యూటర్ లెక్కలో నాలుగు: క, పొల్లు, ర, గుడి. అందువల్ల "క" ఒక్కటి కొట్టగానే "క్రికెట్" రావడం మొదలవుతుంది.

ట్యాబ్‌ల కోసం బ్రౌజర్‌నే అడగాలి

బ్రౌజర్ విండో టైటిల్‌లో ఉండేది ఇప్పుడు ఎదురుగా ఉన్న ట్యాబ్ పేరు. దాని వెనక ఉన్న పది ట్యాబ్‌ల పేర్లు ఆ విండో టైటిల్‌లో ఉండవు కాబట్టి, టైటిళ్ళను మాత్రమే వెతికే పరికరానికి అవి దొరకవు. అవి కావాలంటే బ్రౌజర్ లోపలే వెతకాలి. క్రోమ్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఏ నొక్కితే ట్యాబ్‌ల వెతుకుపెట్టె వస్తుంది. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో % గుర్తు వేసి ఒక ఖాళీ ఇచ్చి టైప్ చేస్తే తెరిచిన ట్యాబ్‌లలోనే వెతుకుతుంది. విండోస్ ఒక మధ్యేమార్గం పెట్టింది, తన ఎడ్జ్ బ్రౌజర్ ట్యాబ్‌లను ఆల్ట్+ట్యాబ్ జాబితాలో చూపే ఏర్పాటు ఉంది. దాన్ని ఇష్టపడేవాళ్ళు ట్యాబ్ కూడా పనే కదా అంటారు. ఇష్టపడనివాళ్ళు, ఒక్క నొక్కుతో రావాల్సిన షీట్ ఇప్పుడు నాలుగు నొక్కుల దూరం పోయిందంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే కనుక అది సెట్టింగ్‌గా ఉండడమే న్యాయం.

మన విండోల పేర్లు ఎవరెవరు చదవొచ్చు?

ఒకసారి ఆన్‌లైన్ మీటింగ్‌లో నా తెర అందరికీ చూపిస్తూ ఆల్ట్+ట్యాబ్ నొక్కాను. ఒక్క క్షణం పాటు నా విండోలన్నీ టైటిళ్ళతో సహా అందరి ఎదుటా నిలబడ్డాయి. అందులో ఒకటి ఇంట్లోవాళ్ళ వైద్య పరీక్ష రిపోర్టు. ఎవరూ ఏమీ అనలేదు కానీ, నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. టైటిల్ అంటే ఒట్టి పేరు కాదని ఆ రోజు తెలిసింది. మెయిల్ విషయం, ఫైల్ పేరు, చదువుతున్న పేజీ, అన్నీ అందులోనే ఉంటాయి.

పేరుతో వెతికే పరికరం పనిచేయాలంటే అది మిగతా అన్ని యాప్‌ల టైటిళ్ళనూ చదవగలగాలి. అది చదవగలిగితే దురుద్దేశం ఉన్న ప్రోగ్రామ్ కూడా చదవగలదు. తెర మీద విండోలను చూపడానికి 1980లలో పుట్టిన ఎక్స్11 ఏర్పాటులో లినక్స్ మీద ఏ ప్రోగ్రామైనా తెరిచి ఉన్న విండోల జాబితా అడగొచ్చు, ఫలానా దాన్ని ముందుకు తెమ్మని కోరొచ్చు. రోఫీ లాంటివి అంత తేలిగ్గా పనిచేసింది అందుకే. దాని స్థానంలోకి రావడానికి 2008లో మొదలైన వేలాండ్ ఈ తలుపు మూసింది. అందులో ఒక ప్రోగ్రామ్‌కు తన విండోలు తప్ప ఇంకొకరివి కనబడవు. మ్యాక్ కూడా 2019 నాటి 10.15 వెర్షన్ నుంచి, ఇతర యాప్‌ల విండో టైటిళ్ళు చదవాలంటే స్క్రీన్ రికార్డింగ్ అనుమతి కావాలంటోంది. విండోలు మార్చే చిన్న యాప్ తెరను రికార్డు చేసే అనుమతి అడిగితే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. అడుగుతున్నది టైటిళ్ళ కోసమూ బొమ్మల కోసమూ అయినా, ఇచ్చే అనుమతి అంతకంటే పెద్దది కాబట్టి ఆ భయంలో న్యాయం ఉంది.

ఈ కట్టుదిట్టాలు అవసరమనేవాళ్ళు నా మీటింగ్ లాంటి అనుభవాలనే చూపిస్తారు. వాటితో నష్టపోయేది తమ అలవాటుకు తగ్గట్టు పరికరాలు తయారుచేసుకునేవాళ్ళు, మౌస్ పట్టుకోలేక కీబోర్డు మీదో మాట మీదో ఆధారపడేవాళ్ళు. ఒకే కొలమానంతో ఇద్దరికీ సరిపెట్టడం కష్టం. వేలాండ్‌లో తెర బాధ్యత చూసే ప్రోగ్రామ్‌ను కంపోజిటర్ అంటారు. స్వే లాంటి కొన్ని కంపోజిటర్లు విండోల జాబితాను బయటి పరికరాలకు ఇవ్వడానికి వేరే ఒప్పందాలు పాటిస్తున్నాయి. గ్నోమ్‌లో ఆ పని దాని సొంత కంపోజిటర్ అయిన షెల్ లోపలే, ఎక్స్‌టెన్షన్‌గా, అంటే షెల్‌కు తగిలించే చిన్న అదనపు ప్రోగ్రామ్‌గా జరగాలి. దాంతో స్వే మీద జాబితా నింపి చూపించిన పరికరమే గ్నోమ్ మీద ఖాళీగా కనబడొచ్చు. పాడైందని దాన్ని తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా జాబితా ఖాళీగానే ఉంటుంది, అక్కడ దానికి చూసే వీలు ఇవ్వలేదు.